జోరా అనే లేని పిల్ల

ఆ సంవత్సరం పర్యాటకుల సీజన్ మొదలవకముందే మా హోటల్ పెద్ద హాల్లో, అసలు లోకంలోనే లేని మనుషులకి వైద్యం మొదలైంది.

అప్పటికి మేం ద్వీపానికి వచ్చి వారం కూడా కాలేదు. సముద్రం లేని మా స్లావోనియా చదును నేలల వాళ్ళం చాలామందిమి వేసవి వస్తే ఇలాగే సముద్రం ఒడ్డుకు దిగుతాం. ఇక్కడి వాళ్ళ గదులు తుడుస్తాం, పడవలు నడుపుతాం, చలి మొదలయ్యాక ఇంటికి పోతాం. మా ఆయన డొమాగోయ్‌కి అతిథుల్ని గులకరాళ్ళ తీరాలకు చేర్చే పడవ మీద పని దొరికింది. నాకు మూడో అంతస్తు గదులు. మా తెనాకి నాలుగేళ్ళు. ఊళ్ళో చిన్నపిల్లల బడికి తీసుకెళ్తే చోటు లేదన్నారు. దాని జబ్బు గురించి నేను చెప్పేదాకా చోటు ఉంది. అందుకని పొద్దున పూట నా దగ్గర దుప్పట్ల గదిలో, మధ్యాహ్నం వాళ్ళ నాన్న పడవలో ఉండేది.

దాని ఒంట్లో తయారు కావాల్సిన ఒక రసం తయారు కాదు. వేళకి మాత్ర పడితే అందరిలాంటి పిల్లే, అందరికంటే అల్లరి పిల్ల. వాంతులు పట్టుకుంటే మాత్రం మాత్ర కడుపులో నిలవదు. అప్పుడు వెంటనే తొడకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ పడాలి. పడకపోతే పిల్ల మత్తుగా వాలిపోయి చల్లబడిపోతుంది. ఈ సంగతి మా ఊరి పెద్దాసుపత్రిలో ఉన్న డాక్టరమ్మకి తెలుసు, నాకు తెలుసు. జుట్టు కత్తిరించే పని నేర్పే బడిలో చేరి, తెనా కడుపున పడ్డాక మానేసినదాన్ని నేను. చదువుకున్నది మర్చిపోయాను గానీ డాక్టరమ్మ చెప్పిన మాటలు ఒక్కటీ మర్చిపోలేదు. మందు సీసా, సూది, ఆవిడ రాసిచ్చిన కాగితం ఒక ఎర్ర సంచిలో పెట్టి, పిల్ల ఎక్కడుంటే అక్కడ తగిలించేదాన్ని. నాకున్న భయమల్లా ఒకటే. నేను లేని చోట, ఏమీ తెలియని వాళ్ళ మధ్య దీనికి వాంతి అవుతుందేమోనని.

హాల్లో దిగినవాళ్ళు ఆసుపత్రుల కంప్యూటర్లకి పని నేర్పేవాళ్ళు. పొడుగు బల్లలు వేసుకుని, ఒక్కో ఊరి జట్టు ఒక్కో బల్ల దగ్గర కూర్చుని, లేని రోగుల్ని ఒక బల్ల నుంచి ఇంకో బల్లకి పంపుకునేవాళ్ళు. రోగి వివరాలు ఏమీ చెడకుండా అవతలికి చేరితే గోడ మీద ఆకుపచ్చ చుక్క, లేకపోతే ఎర్ర చుక్క. సీజన్‌కి ముందు గదులు చవక కాబట్టి మా దగ్గరికి వచ్చారు. మా పనివాళ్ళందరికీ పెద్ద నెదా అత్త. ద్వీపంలోనే పుట్టి పెరిగిన మనిషి. ఆవిడ కాఫీ కప్పులు సర్దుతూ, ఇంతమంది చదువుకున్నవాళ్ళు చేరి లేనివాళ్ళ గుండెలు బాగుచేస్తున్నారు గానీ ఉన్న తన మోకాలిని పట్టించుకునేవాడు ఒక్కడూ లేడని గొణిగేది.

ఆ కప్పులు తేవడానికి వెళ్ళినప్పుడే వెద్రాన్ గారు పరిచయమయ్యాడు. రాజధాని జాగ్రెబ్ నుంచి వచ్చినవాడు. కాఫీ తెప్పించుకుని తాగడం మర్చిపోయేవాడు. నేను తలుపు దగ్గర ఆగి తెనాకి మాత్ర వేస్తుంటే చూసి, ఏం జబ్బని అడిగాడు. చెప్పాను. అడిగినవాళ్ళు మామూలుగా అయ్యో అని వెళ్ళిపోతారు. ఈయన కుర్చీ లాగి కూర్చోమన్నాడు.

"ఒక్కో ఆసుపత్రి ఒక్కో రకంగా రాసుకుంటుందండీ," అన్నాడు. "ఒకరు జబ్బుకి అంకె వేస్తారు, ఒకరు మాటల్లో రాస్తారు. ఏ వివరం ఎక్కడ, ఎలా రాయాలో అందరికీ ఒకే ఒప్పందం ఉంటే, మీ ఊళ్ళో రాసింది ఈ ద్వీపంలో డాక్టరు చదువుకోవచ్చు. అందరూ ఆ ఒప్పందం మీద నిలబడుతున్నారా లేదా అని ఇక్కడ చూస్తున్నాం."

మా ఊరి ఆసుపత్రి కంప్యూటర్ తయారుచేసినవాళ్ళు ఇక్కడ ఉన్నారా అని అడిగాను. కిటికీ పక్క బల్ల చూపించాడు. మరి ఈ ద్వీపంలో వైద్యశాలది? స్తంభం దగ్గరి బల్ల అన్నాడు. ఆ రెండింటి మధ్య నాలుగు కుర్చీలు అడ్డం, అంతే. నేను అటూ ఇటూ చూస్తూ నిలబడిపోయాను.

నా మొహంలో ఏం కనిపించిందో, ఆయన కిటికీ పక్కవాళ్ళని పిలిచాడు. ఇక్కడ నిజం పేర్లు వాడకూడదట. అందుకని తెనా బదులు జోరా అని ఒక పేరు పెట్టాడు. అదే వయసు, అదే జబ్బు, అవే మందులు. నా సంచిలో కాగితం తీసి ఇస్తే చూసుకుంటూ ఒక్కో ముక్కా తనే టైపు కొట్టాడు. నేను పరుగున వెళ్ళి రేవులో ఉన్న డొమాగోయ్‌ని పిలుచుకొచ్చాను. తడి కాళ్ళతోనే వచ్చి నిలబడ్డాడు. కిటికీ దగ్గరి బల్ల నుంచి జోరా బయల్దేరింది. స్తంభం దగ్గరి బల్ల మీద తెర వెలిగింది. అన్నిటికన్నా పైన పెద్ద అక్షరాలతో ఉంది: వాంతులైతే వెంటనే స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇవ్వాలి.

గోడ మీద ఆకుపచ్చ చుక్క పడింది. డొమాగోయ్ తెనాని భుజాల మీదికి ఎత్తుకున్నాడు. మళ్ళీ చెయ్యమన్నాడు. ఇంకో బల్లకి, ఇంకో దేశం వాళ్ళ బల్లకి కూడా పంపారు. జోరా అన్ని చోట్లకీ చక్కగా చేరింది.

"చూశావా," అన్నాడు మా ఆయన, వెనక్కి నడుస్తూ. "ఇంక నువ్వు కాస్త ఊపిరి పీల్చుకోవచ్చు. మీ అమ్మ కూడా నిన్ను ఇంతలా కనిపెట్టుకుని కూర్చోలేదు."

నేను నవ్వాను. నిజంగానే ఆ రోజు భోజనానికి కూర్చున్నప్పుడు చేప రుచి తెలిసింది నాకు.

వాళ్ళు బల్లలు మడిచి వెళ్ళిపోయారు. సీజన్ మొదలైంది. జూలైలో ఆ ద్వీపంలో మనిషికి మనిషి కనిపించడు, సామాన్లే కనిపిస్తాయి. ఒక గది తుడిచి వచ్చేసరికి ఇంకో గది ముందు తడి తువ్వాళ్ళ గుట్ట. తెనా వాళ్ళ నాన్నతోనే ఎక్కువగా ఉండసాగింది. ఎండకి నల్లబడి, ఈ ద్వీపం పిల్లల్లా సాగదీసి మాట్లాడటం నేర్చుకుంది. నెదా అత్తకి అది నచ్చింది. నన్ను మాత్రం వదిలేది కాదు. కిటికీ దగ్గరికి వెళ్ళి పడవ కనిపిస్తుందా అని నేను తొంగిచూసినప్పుడల్లా, మీ కారం సాసేజిల దేశంలో నీళ్ళంటే పందులు తాగే కుండీల్లోవేగా, సముద్రం చూస్తే భయం వెయ్యక ఏం చేస్తుంది అనేది. సముద్రం కాదు అత్తా నా భయం అని చెప్పబోయి ఊరుకునేదాన్ని.

ఆగస్టులో యూగో గాలి పట్టుకుంది. దక్షిణం నుంచి వచ్చే ఆ తడిగాలికి దుప్పట్లు ఆరవు, తల బరువెక్కుతుంది, అందరూ అందరి మీదా విసుక్కుంటారు. గాలి ఎక్కువై పడవలు ఆపేసిన రోజది. నేను మూడో అంతస్తులో పరుపు తిరగేస్తుంటే కింద నుంచి నెదా అత్త పిలిచింది. మోకాలితో మెట్లెక్కని మనిషి సగం మెట్లెక్కి వచ్చి ఉంది.

"మిర్నా, చేతిలోది వదిలెయ్ తల్లీ. పిల్లని వైద్యశాలకి తీసుకెళ్ళారట."

కొండ ఎక్కే దారి అది. ఎలా ఎక్కానో తెలియదు. దారంతా ఒకటే అనుకున్నాను, డొమాగోయ్ చూశాడు, తెర మీద ఉంది, డాక్టరు చదివి ఉంటాడు, ఈపాటికి ఇచ్చేసి ఉంటాడు.

తెనా మంచం మీద పక్కకి వాలి ఉంది. పెదాలకి రంగు లేదు. చేతికి సెలైన్ ఎక్కుతోంది. ఈ వేసవికి మాత్రమే వచ్చిన కుర్ర డాక్టరు, ఫ్రానె ఆయన పేరు, కంప్యూటర్ ముందు వంగి ఉన్నాడు. డొమాగోయ్ ఆయన భుజం వెనకే నిలబడి, ఇంకా కిందికి, ఇంకా కిందికి జరపండి, అన్నిటికన్నా పైన ఉండాలి అది, నేను కళ్ళారా చూశాను అంటున్నాడు. రేవులో పడవ కట్టేస్తుండగా పొద్దున్నే మొదలైన వాంతులట. డొమాగోయ్ ముందు రోజు ఎండ దెబ్బ అనుకున్నాడట. జబ్బు పేరు గానీ మందు పేరు గానీ ఆయన నోటికి రావు, అన్నీ తెర మీదే ఉంటాయనుకున్నాడు.

"ఇంజెక్షన్ ఇచ్చారా?" అన్నాను.

"ఏ ఇంజెక్షన్?" అన్నాడు డాక్టరు. తెర నా వైపు తిప్పాడు. తెనా పేరు ఉంది. పుట్టిన తేదీ ఉంది. వేసిన టీకాలన్నీ ఉన్నాయి. దీర్ఘకాలపు జబ్బులు అన్న చోట 'ఏమీ లేవు' అని ఉంది.

నేను మంచం కొక్కెం చూశాను. డొమాగోయ్ భుజం చూశాను.

"సంచి ఏది?"

డొమాగోయ్ తెర మీంచి కళ్ళు తీశాడు. "ఇంట్లో ఉంది," అన్నాడు. "పడవలో తడిసిపోతోందని... కంప్యూటర్లో ఉందిగా మిర్నా. మనం చూశాంగా."

ఇల్లు ఊరికి అవతలి కొస. పిల్ల చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది. నేను డాక్టరు వైపు తిరిగాను. జబ్బు పేరు చెప్పాను. రోజూ వేసే మాత్ర చెప్పాను. వాంతి ఐతే ఇవ్వాల్సిన మందు పేరు చెప్పాను. గొంతు నాది కానట్టు ఉంది, గదిలో ఇంకెవరో చదువుతున్నట్టు.

"అమ్మా, ఇక్కడ నాకు ఏమీ కనిపించడం లేదు," అన్నాడు ఫ్రానె. మర్యాదగానే అన్నాడు. "మీ ఆసుపత్రికి ఫోన్ చేశాను. ఎత్తడం లేదు. ఏదన్నా రాసినది ఉంటే..."

"రాసినది లేదు. నేను చెప్తున్నాను."

ఆయన నన్ను చూశాడు. మళ్ళీ తెర చూశాడు. పిల్ల కనురెప్ప ఎత్తి చూశాడు. తర్వాత లేచి అలమర తెరిచాడు.

"ఎంత ఇమ్మన్నారు?"

"యాభై. తొడలో."

ఇచ్చాడు. మేం ముగ్గురం మంచం చుట్టూ నిలబడ్డాం. ఎవరూ కూర్చోలేదు. కిటికీకి గాలి కొట్టుకుంటూనే ఉంది. ఎంతసేపని నన్ను అడక్కండి, నాకు తెలియదు. తెనా ఒకసారి మూలిగి, దాహం అంది. డాక్టరు గోడకి ఆనుకుని కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

ఆ గాలిలోనే అత్యవసర పడవ వచ్చింది. ఎక్కించేముందు ఫ్రానె జేబులో పెన్ను తీసి తెనా ముంజేతి మీద మందు పేరు, ఎంత ఇచ్చాడో, ఏ వేళకి ఇచ్చాడో రాశాడు. తను కంప్యూటర్లో ఎక్కించినది అవతలి ఒడ్డుకి ఎప్పుడు చేరుతుందో చెప్పలేనన్నాడు. నిజంగానే ఒడ్డున ఉన్న పెద్దాసుపత్రిలో నర్సు కంప్యూటర్లో వెతికి వెతికి, చివరికి పిల్ల చెయ్యి తిప్పి చదువుకుంది.

తెనా కోలుకుంది. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే నాకే ఆ తర్వాత చాలా రోజులు నమ్మకం కుదరలేదు. అది గంతులేస్తుంటే వెనకాలే చెయ్యి చాపి తిరిగేదాన్ని. డొమాగోయ్ దాన్ని పడవ ఎక్కించుకోవడం మానేశాడు. మాటలు కూడా తగ్గించేశాడు. నేను ఆయన్ని ఏమీ అనలేదు. అననందుకే ఎక్కువ కుంగిపోయాడేమో. ఇంట్లో ఇద్దరం ఒకరి పక్కన ఒకరం వంగి అదే పిల్లకి చెప్పులు తొడిగేవాళ్ళం, ఒకరి మొహం ఒకరం చూసుకోకుండా.

నాకు మాత్రం జోరా గుర్తొచ్చేది. ఒంటికి నొప్పి తెలియని పిల్ల. అమ్మ లేని పిల్ల. ఏ ఊళ్ళో పడిపోయినా అక్కడి డాక్టరుకి దాని సంగతి అంతా తెలుసు. లేని పిల్ల మీద ఇంత అసూయ ఏమిటని నన్ను నేను తిట్టుకునేదాన్ని.

అతిథులు పలచబడ్డాక, శరదృతువులో ఆ జట్టు మళ్ళీ వచ్చింది. వెద్రాన్ గారికి నెదా అత్త ముందే చెప్పేసింది. ఏ మాటల్లో చెప్పిందో గానీ, ఆయన దుప్పట్ల గదికి వచ్చేసరికి మొహం మాడిపోయి ఉంది. మా ఊరి ఆసుపత్రి వాళ్ళతో మాట్లాడి, ఏం జరిగిందో కనుక్కుని వచ్చాడు. అక్కడ తెనా జబ్బు గురించి ఉన్నదంతా డాక్టరమ్మ కాగితాలు. వాటిని ఫొటో తీసి కంప్యూటర్లో దాచారు. బొమ్మని చదవడం ద్వీపం కంప్యూటర్‌కి రాదు. చదవలేకపోయిన చోట ఖాళీ వదలకుండా 'ఏమీ లేవు' అని చూపించింది.

"మరి జోరా చేరిందిగా?"

"జోరా వివరాలు నేను టైపు కొట్టానండీ, నా చేత్తో. ఏది ఎక్కడ పెట్టాలో అక్కడ పెట్టి. మేం ఎప్పుడూ అలాగే చేస్తాం. మా రోగులకి అన్నీ సరిగ్గా రాసి ఉంటాయి. అలాంటి రోగి బయట ఒక్కరూ ఉండరు." మళ్ళీ అన్నాడు, "అది ఆట అని మీకు చెప్పాలన్న సంగతే నాకు తట్టలేదు. మా అందరికీ తెలిసిన విషయం కదా, అందుకని."

నేను దుప్పటి మడత పెట్టాను. ఆయన వచ్చిన పని అప్పుడు చెప్పాడు. తెనా వివరాలు, పేరు తీసేసి, ఎలా ఉన్నవి అలాగే, ఆ బొమ్మలతో సహా బల్లల మీద పెట్టి పంపి చూస్తాడట. ఎక్కడ ఆగిపోతుందో అందరి కళ్ళ ముందూ తేలాలి. తల్లీ తండ్రీ ఒప్పుకోవాలి.

డొమాగోయ్ ముందు ఒప్పుకోలేదు. పిల్లని ఇంకోసారి ఆ తెరల మీద పెట్టనన్నాడు.

"వద్దంటే వద్దు," అన్నాను. "కానీ అక్కడ ఇంకో తెనా ఉంటే? దాని నాన్న కూడా డాక్టరు భుజం వెనక నిలబడి, ఇంకా కిందికి జరపండి అంటాడు."

డొమాగోయ్ మర్నాడు నాతో పాటు హాలుకి వచ్చాడు.

తెనాని కిటికీ పక్క నుంచి పంపారు. స్తంభం దగ్గర ఎర్ర చుక్క. పక్క బల్లకి పంపారు, ఎర్ర చుక్క. ఇంకో దేశం వాళ్ళు మాకైతే వస్తుందన్నారు, వాళ్ళ తెర మీద కూడా 'ఏమీ లేవు' అనే వచ్చింది. గోడంతా ఎర్రబడింది. ఎవరో కుర్చీలు లాక్కుని మా చుట్టూ చేరారు. చదవలేనప్పుడు 'ఏమీ లేవు' అనడం ఇవాళే తీసెయ్యాలని ఒకామె అంది. చదవలేకపోయాను అనాలి, అంతే కదా అంది. ఇన్నేళ్ళూ ఎవరికీ తోచనిది తోచినట్టు అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. వాళ్ళు పొద్దు వాలేదాకా దాని మీదే కూర్చున్నారు. ఆ ఒక్కటీ తొందరగా అవుతుందని, కాగితాలన్నీ సరిగ్గా ఎక్కించడానికి మాత్రం వచ్చే వసంతం దాటుతుందని వెద్రాన్ గారు చెప్పాడు. ఈసారి అన్నీ చెప్పాడు. ఏది ఆటో ఏది నిజమో విడదీసి, మేం అడగకపోయినా చెప్పాడు.

వసంతం అంటే మధ్యలో చలికాలం మొత్తం ఉంది. పిల్లలకి వాంతులు పట్టుకునే కాలం.

ద్వీపం వదిలే ముందు రోజుల్లో ఒక మధ్యాహ్నం నేను గదులకి తాళాలు వేసి ఇంటికి వచ్చేసరికి, డొమాగోయ్ వంటబల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. ముందు కమలాపళ్ళ గంప. ఎదురుగా గడువు దాటిన మందు సీసా ఒకటి, సూది ఒకటి. డాక్టర్ ఫ్రానెని అడిగి తెచ్చుకున్నాడట. తెనా పక్క గదిలో గోడకి బొమ్మలు గీస్తోంది.

"పొడిలో నీళ్ళు ఎలా కలపాలో చూపించు," అన్నాడు. ఎన్నాళ్ళకో నా మొహం చూసి మాట్లాడాడు.

చూపించాను. ఎంత లాగాలి, గాలి ఎలా తీసెయ్యాలి, ఎక్కడ పొడవాలి. ఇన్నేళ్ళలో ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. నా చేతిలో ఉన్నంతవరకే అది భద్రం అనుకున్నాను. ఆయన వేళ్ళు పెద్దవి, తాళ్ళు లాగి మొద్దుబారినవి. మొదటి కమలాపండు నుంచి మందంతా బల్ల మీదికి కారింది. రెండోదాన్ని సూది ఇటు నుంచి అటు పొడిచేసింది. నేను చెయ్యి చాపి సరిచెయ్యబోయాను.

"వద్దు," అన్నాడు. "నువ్వు బయటికి వెళ్ళు."

"ఎందుకు?"

"నువ్వు లేనప్పుడు చెయ్యాలిగా."

నేను బయటికి వచ్చి తలుపు దగ్గరికి వేశాను. వరండాలో నిలబడ్డాను. లోపల ఆయన మందు పేరు పైకి చెప్పుకోవడం వినిపించింది. తప్పు పలికాడు. ఆగాడు. మళ్ళీ పలికాడు, ఈసారి సరిగ్గా. సీసా మూత తీసిన చప్పుడు. తర్వాత చాలాసేపు ఏ చప్పుడూ లేదు. ఎంత లాగాలో మర్చిపోయాడేమో అనిపించింది. నా చెయ్యి తలుపు గడియ మీదికి వెళ్ళింది.

"యాభై," అన్నాడు లోపల, ఎవరికో చెప్తున్నట్టు. "తొడలో."

నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను. లోపలికి వెళ్ళలేదు.